సన్నకారు రైతు ఇల్లు – మన కథాసాహిత్యం

గ్రామ జీవితాన్ని గురించి వ్రాసిన కథ చేతికి రాగానే మన విమర్శకులు కొన్ని ప్రశ్నలు వేస్తారు. భూమి ఎవరి చేతిలో ఉంది? అప్పిచ్చింది ఎవరు, వడ్డీ ఎంత? పీడితుడు తిరగబడ్డాడా, లేదా? రచయిత ఎవరి పక్షాన ఉన్నాడు? ఇవి వేయవలసిన ప్రశ్నలే. వేయడం మనకు నేర్పింది అభ్యుదయ సాహిత్యోద్యమం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగిననాటికి ఇవి కొత్త ప్రశ్నలు. పల్లె అంటే పైరగాలీ పిల్లనగ్రోవీ అనుకునే సాహిత్యాన్ని నిలదీసినవి ఇవే. వాటి విలువను తగ్గించడానికి నేను పూనుకోలేదు. అయితే ఇన్నేళ్లుగా వాటినే వేస్తూ వచ్చిన మనం మరొక ప్రశ్న వేయడం మరిచాము. అది నాకు తోచిన ప్రశ్న కాదు. మా అమ్మ వేసింది.

చదువు ముగించి, ఉద్యోగం లేకుండా ఇంట్లో ఉన్న రోజుల్లో నేనొక కథ వ్రాశాను. అనంతపురం జిల్లాలో మాది ఐదెకరాల చేను. అందులో అరెకరం మాత్రం బావి కింద తడి, మిగిలినదంతా మెట్ట. నా కథలో రైతు కూడా అటువంటివాడే. షావుకారు పంట వామిని జప్తు చేయించబోతాడు. రైతు తన భార్యనూ, ఇద్దరు కొడుకులనూ, ముసలి తల్లినీ వెంటబెట్టుకొని పోయి తాలూకా కచేరీ ముందు కూర్చుంటాడు. ఊరంతా వచ్చి చేరుతుంది. మూడోరోజు అధికారి దిగివస్తాడు. కథ ఒక చిన్న పత్రికలో అచ్చయింది. మా అమ్మకు చదవడం రాదు. ఒక సాయంత్రం ఆమె ఎనుముకు పాలు పిండి వచ్చి అరుగు మీద కూర్చుంటే కథంతా చదివి వినిపించాను. బాగుందనే అన్నది. ఒక క్షణం ఆగి, "అది సరే గానీ నాయినా, ఇంటిల్లిపాదీ మూడు దినాలు ఊర్లో లేకపోతే ఎనుములకు నీళ్లెవురు పెట్టినారు?" అని అడిగింది.

నేను నవ్వాను. కథ అంటే ఏమిటో తెలియని మనిషి అడిగిన ప్రశ్న అనుకున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇతరుల కథల మీద తీర్పులు చెబుతూ గడిపాను గాని, ఆ ప్రశ్నకు మాత్రం సమాధానం చెప్పలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, రైతు కుటుంబాన్ని గురించి మన సాహిత్యం ఏమి చూసిందో, ఏమి చూడలేదో తేల్చడానికి అంతకంటె పదునైన గీటురాయి నాకు దొరకలేదు.

ప్రాచీనుల సంగతి ముందు చూద్దాం. అష్టాదశ వర్ణనలలో ఋతువర్ణన ఒకటి గనుక ప్రతి ప్రబంధంలోనూ వానాకాలం వస్తుంది. వస్తే నెమళ్లు ఆడతాయి, విరహిణులు వేగిపోతారు. దుక్కి దున్నేవాడు ఆ వానలో ఎక్కడున్నాడో కనబడదు. దీనికి గొప్ప మినహాయింపు ఒక చక్రవర్తి వ్రాసిన కావ్యం కావడం విచిత్రం. 1509 నుండి 1529 వరకు రాజ్యం చేసిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో ముసురు పట్టిన పల్లెను వర్ణించాడు. ఇల్లిల్లూ తిరిగితే గాని నిప్పు దొరకదు. దొరికినా తడి కట్టెలు అంటుకోవు. అంటుకున్నా పొగ ఇల్లంతా అలముకుంటుంది. కట్టుకున్న బట్టలు ఆరవు. ఇదంతా ఆడవాళ్ల అవస్థ. మరొక పద్యంలో రెడ్లు ఉన్నారు. గురుగు, చెంచలి వంటి ఆకుకూరలను చింతచిగురుతో కలిపి నూనెతో వండిన కూర, ఆరికెల అన్నం కడుపునిండా తిని, మేక పెంటికల కుంపటి దగ్గర పెట్టుకొని, లేగదూడలు ఒళ్లు నాకుతుండగా మంచమెక్కారు.

ఈ పద్యాలను పండితులు స్వభావోక్తికి ఉదాహరణలుగా చెబుతారు. నిజమే. కాని రెండు పద్యాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే స్వభావోక్తిని మించినది మరొకటి కనబడుతుంది. మంచమెక్కినవాడు తిన్న కూర ఆ పొగలోనే ఉడికింది. ఆ ముసురులో ఆకు కోసి తెచ్చినవారు ఒకరున్నారు, నిప్పుకోసం ఇల్లిల్లూ తిరిగినవారు ఒకరున్నారు. రాజు రెండు దృశ్యాలనూ చూశాడు. రెండింటినీ కలిపే పనిని మాత్రం పాఠకుడికి వదిలేశాడు. అయిదువందల ఏళ్లు కావస్తున్నా వ్యాఖ్యాతలు ఆ పని చేసినట్టు నేను చూడలేదు. రాజుగారి కన్ను పొయ్యిదాకా పోయింది, మన కన్ను మంచం దగ్గరే ఆగిపోయింది.

ఆధునిక యుగంలో రైతును కావ్యనాయకుడిగా నిలిపిన గౌరవం దువ్వూరి రామిరెడ్డికి దక్కుతుంది. ఆయన 'కృషీవలుడు' 1919లో వచ్చింది. సేద్యం తెలిసిన కవి. రాజులూ రాణులూ ఏలుతున్న కావ్యపీఠం మీద నాగలి పట్టినవాణ్ణి కూర్చోబెట్టడం ఆనాటికి చిన్న పని కాదు. అయితే పీఠం మీద కూర్చున్న మనిషి చేతులకు మన్ను అంటుకోదు. ఆ రైతు పవిత్రుడు, అమాయకుడు, నగరపు మాయలో పడరాదని కవి హెచ్చరించదగినవాడు. అతని ఇంట్లో శ్రావణమాసంలో గింజలు నిండుకున్నప్పుడు ఏం చేశారన్నది ఆ గౌరవానికి అందని విషయం.

మూడేళ్ల తర్వాత, 1922లో, ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' వచ్చింది. ఇందులో నాకు అన్నిటికంటె విలువైనదిగా కనబడేది మహోపదేశాలు గాని, జైలు ఘట్టాలు గాని కాదు. కూలి గింజల రూపంలో ఇవ్వాలా, డబ్బు రూపంలో ఇవ్వాలా అనే తగాదా. ధాన్యం ధర పెరిగినప్పుడు ఆసాములకు డబ్బు కూలి లాభం. కూలివాడికి మాత్రం గింజ చేతికి వస్తే ఆ పూట పొయ్యి వెలుగుతుంది, డబ్బు వస్తే బజారు దయ. సంగదాసు ప్రాణం పోయింది ఈ తగాదాలోనే. అంటే దేశచరిత్రలోని ఒక పెద్ద మార్పు, సరుకు ధరలు పల్లె కూలిని శాసించడం, ఒక వంటకుండ అంచు మీద నిలబడి చూస్తే ఎలా ఉంటుందో ఉన్నవ చూపించాడు. మన విమర్శలో మాలపల్లి మీద వచ్చిన వ్యాసాలకు లెక్కలేదు. ఈ కుండ సంగతి ఎత్తినవి బహు తక్కువ.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' విషయంలోనూ ఇదే జరిగింది. సీతారాముడు తన బిడ్డను నరికి తెచ్చి పంచాయితీ ముందు పెట్టిన చివరి ఘట్టం మీద దశాబ్దాలు చర్చించాము. అది హింసా, నిరాశా, తిరుగుబాటా అని కొట్టుకున్నాము. నేనూ కొట్టుకున్నవాడినే. ఆ కథకు వెన్నెముక అప్పలరాముడు చెప్పిన లెక్క. ఊరికి రోడ్డూ, బడీ, అభివృద్ధీ వచ్చిన కాలంలోనే ఒళ్లు దాచుకోకుండా పనిచేసిన ఇల్లు మెట్టుమెట్టుగా ఎలా దిగజారిందో అతడు చెబుతాడు. ఏ ఒక్క దుర్మార్గుడూ కొట్టిన దెబ్బ కాదది. అడుగు తీసి అడుగు వేస్తుంటేనే నేల కిందికి పోయింది. ఈ లెక్కను విన్నవాడికే చివరి ఘట్టం అర్థమవుతుంది. మనం లెక్క వినకుండా కత్తి మీదే చూపు నిలిపాము.

దైనందిన జీవితాన్ని ఋతువుతో, ఋతువును అప్పుతో ముడివేసి చూపడంలో మన దేశంలో ప్రేమ్‌చంద్‌ను మించినవాడు లేడని నా అభిప్రాయం. 1936 ఏప్రిల్‌లో లక్నోలో జరిగిన అభ్యుదయ రచయితల మహాసభకు ఆయన అధ్యక్షుడు. 'గోదాన్' వెలువడింది ఆ సంవత్సరమే, ఆయన కన్నుమూసిందీ ఆ సంవత్సరమే. మన ఉద్యమం ఆయన అధ్యక్షోపన్యాసాన్ని నెత్తిన పెట్టుకున్నది. కథలు వ్రాసే తీరును మాత్రం అంత శ్రద్ధగా నేర్చుకోలేదు.

'పూస్ కీ రాత్' అనే చిన్న కథను చూడండి. హల్కూ అనే రైతు కంబళి కొనుక్కోవడానికి మూడు రూపాయలు కూడబెట్టాడు. అప్పులవాడు వచ్చాడు. ఇవ్వవద్దని భార్య మున్నీ వాదించింది. ఇవ్వక తప్పలేదు. పుష్యమాసపు చలిలో హల్కూ చేనికి కాపలా పోయాడు. తోడు జబ్రా అనే కుక్క. చలికి తాళలేక మామిడితోపులో రాలిన ఆకులు పోగుచేసి మంట వేసుకున్నాడు. ఆ వెచ్చదనం వదిలి లేవబుద్ధి కాలేదు. నీలిగాయలు చేనులో పడ్డ అలికిడి వినబడింది. కుక్క అరుస్తూనే ఉంది. అతడు లేవలేదు. తెల్లవారి మున్నీ వచ్చి చూస్తే చేను నాశనమైంది. ఇక కూలి చేసి శిస్తు కట్టవలసిందే అని ఆమె ఏడుస్తుంటే, ఈ చలిలో ఇక్కడ పడుకునే బాధ తప్పిందని హల్కూ సంతోషించాడు.

ఈ కథలో ఉపన్యాసం లేదు, తిరుగుబాటు లేదు. మన పాత ప్రశ్నాపత్రం ప్రకారం దీనికి మార్కులు రావు. పైగా నాయకుడు సోమరిపోతు అనవలసి వస్తుంది. కాని చిన్న సేద్యం ఏ స్థితికి వచ్చిందో ఇంతకంటె భయంకరంగా చెప్పిన కథ నేను చదవలేదు. తన పంట పోయినందుకు రైతు సంతోషించే ఘడియ వచ్చిందంటే, ఆ పంట మీద అతనికి మిగిలిన హక్కు దానికి కాపలా కాసే హక్కు ఒక్కటే అన్నమాట. చలి ఇక్కడ వర్ణన కాదు. మూడు రూపాయలు కంబళి కాకుండా బాకీ కింద పోయాయి గనుకనే అది అతణ్ణి కొరుకుతోంది. ఆ మూడు రూపాయలు చేతిలో ఉంటే ఇదే పుష్యమాసం, ఇదే చేను, కథ లేదు.

'గోదాన్'లో ధనియా మరీ గొప్ప పాత్ర. ఆవు చచ్చిన తర్వాత ఇంటి పరువు కాపాడుకోవడానికి హోరీ అప్పుతెచ్చి దారోగాకు లంచం ఇవ్వబోతే ఆమె ఆ డబ్బును విసిరికొడుతుంది. ఇది వీరవనిత చేసిన సాహసంగా చూసేవారున్నారు. నాకు అలా తోచదు. హోరీకి ఆ డబ్బు పరువు. ఆమెకు అది ఇంట్లోవాళ్ల తిండి. పొయ్యి దగ్గర రోజూ కూర్చునే మనిషికి డబ్బు విలువ వేరుగా తెలుస్తుంది. చివర హోరీ వడగాలిలో కంకర పనిచేసి పడిపోయినప్పుడు, సుతిలి అమ్మగా వచ్చిన ఇరవై అణాలే ఆ ఇంట్లో ఉన్న రొక్కం అని చెప్పగలిగింది కూడా ఆమె ఒక్కతే. నవల పొడుగునా ఆ ఇంటి జమాఖర్చు ఆమె తలలో ఉంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' మొదట ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చింది. చిత్తూరు జిల్లా మిట్టూరులో ఒక చిన్న రైతు ఇల్లు, ఆ ఇంటి పిల్లవాడు చెప్పే కథలు, ఆ ఊరి మాట. ఒక గోష్ఠిలో నేను ఆ కథలను గురించి, "ఇందులో జీవితం ఉంది గాని దృక్పథం లేదు" అని తేల్చివేశాను. చప్పట్లు కూడా కొట్టారు. ఇంటి గొడవలు, గొడ్లు, తిట్లు, తిండి తప్ప ఇందులో సమాజమేదీ అని నా ఆక్షేపణ. ఇటీవల ఆ కథలను మళ్లీ చదివాను. సమాజం లేనిది ఆ కథల్లో కాదు, నా చదువులో. ఆ కథల్లో అమ్మ నోరు పెద్దది. ఎందుకంత నోరు? మొగుడు, బిడ్డలు, గొడ్లు, చేను, చుట్టాలు – ఇన్నిటికీ చాలీచాలని వస్తువును పంచవలసిన పని ఆమెది. పంచేవాళ్లకు మంచి పేరు ఉండదు. ఆ తిట్లను యాస కోసమూ, హాస్యం కోసమూ చదివి మెచ్చుకున్నవారున్నారు. నేను మెచ్చుకోనైనా లేదు. అది పంపిణీ సమస్య అని, అర్థశాస్త్రమంతా ఆ నోట్లో పలుకుతోందని ఇద్దరమూ గ్రహించలేదు. అదే రచయిత 'మునికన్నడి సేద్యం' వ్రాసినప్పుడు గాని నా బోటివాళ్లు సేద్యం అనే మాట మీద కన్ను నిలపలేదు.

చిన్న రైతు ఇంట్లో ఋతువు అంటే ఏమిటో నేనెరిగిన మెట్టసీమ నుండి చెబుతాను. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతికే జిల్లా మాది. చెనక్కాయ మా పంట. దీన్ని గురించి సింగమనేని నారాయణ వ్రాసిన కథకు 'జూదం' అని పేరు పెట్టాడంటే చాలు.

మా ఇంట్లో ఏడాది మొదలయ్యేది ఉగాదితో కాదు, విత్తనం కాయలు ఒలవడంతో. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, ఇంటి వసారాలో కూర్చొని ఒలవాలి. ఎకరాకు నలభై యాభై కిలోల పప్పు కావాలి. మా నాలుగున్నర ఎకరాల మెట్టకు రెండు వందల కిలోలు. మరలో వేస్తే పప్పు పగిలి మొలక రాదని చేత్తోనే ఒలిచేవారు. బొటనవేలి గోరు పక్కన చర్మం లేచిపోతుంది. మా అమ్మా, అవ్వా, చెల్లెలూ పగలంతా, రాత్రి దీపం పెట్టాక మేమూ. ఏరువాక మీద మనకు పాటలున్నాయి, పండుగ ఉంది. ఏరువాకకు ముందు నెలరోజులు నడిచిన ఈ గోళ్ల పని మీద నాకు తెలిసి పాట లేదు. గొర్రు పట్టేది మగవాడు. జడ్డిగంలో విత్తనం జారవిడిచేది ఆడమనిషి. చిత్రకారులు మనకు గొర్రునే వేసి చూపిస్తారు.

మృగశిరలో పదును అయితే విత్తుతారు. లేదా ఆరుద్ర. లేదా ఆశతో మరి కొన్నాళ్లు. నూరు, నూటపది రోజుల పంటలో ఊడలు దిగే రోజులు కొన్ని ఉంటాయి. అప్పుడు వాన లేకపోతే పైన పచ్చగానే ఉంటుంది, కింద కాయ ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లో రాగులు అడుగంటుతాయి. శ్రావణం పండుగలు వస్తాయి. పాలు ఇంట్లో మిగలవు, అన్నీ కేంద్రానికి పోతాయి. పిల్లలకు మజ్జిగ నీళ్లే. మన కథల్లో అప్పు అంటే షావుకారూ, ప్రాంసరీ నోటూ, వేలిముద్ర. అది మగవాడి అప్పు, ఏడాదికోసారి జరుగుతుంది. శేరు రాగిపిండి, గిద్దెడు నూనె, నాలుగు ఎండుమిరపకాయలు గోడ మీదుగా ఈ ఇంటినుండి ఆ ఇంటికి నడిచే అప్పు వారానికి నాలుగుసార్లు జరుగుతుంది. దానికి నోటు లేదు, వడ్డీ లేదు. తీర్చలేకపోతే మాట పడాలి. శ్రావణ భాద్రపదాలు దాటించేది ఆ అప్పే. దాన్ని కథావస్తువుగా తీసుకున్న కథలు నాకు ఎక్కువ కనబడలేదు. పొయ్యిలోకి ఎండుటాకులు ఏరుకోవడాన్ని చాగంటి సోమయాజులు 'కుంకుడాకు'లో కథ చేశాడు. కృష్ణదేవరాయలు తడి కట్టెల పొగ చూసిన తర్వాత ఆ పొయ్యిదాకా మళ్లీ వచ్చినవాడు చాసో అని నాకు అనిపిస్తుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో చెట్టు పెరికి, ఎండబెట్టి వామి వేస్తారు. కాయ వేరుచేసిన తర్వాత మిగిలే కట్టె గొడ్లకు ఏడాది మేత. కాయ ధర మార్కెట్టుది, కట్టె మాత్రం మనదే అని మా నాన్న అనేవాడు. కాయ ఆ నెలలోనే అమ్మక తప్పదు. అమ్మేటప్పుడు ధర దిగుతుంది, మళ్లీ రోహిణిలో విత్తనానికి కొనేటప్పుడు ఎక్కుతుంది. ఈ మధ్యనున్న తేడాలోనే మా కుటుంబం బ్రతికింది.

కాయలు వేరుచేయడానికి మాలపేట నుండి ఆడవాళ్లు వచ్చేవారు. కూలి కాయల రూపంలో, శేరుతో కొలిచి. మా అమ్మ కొలిచేటప్పుడు శేరు అంచున అరచేయి అడ్డంగా గీసి మట్టంగా ఇచ్చేది. అదే అమ్మ, మా చేను పని అయిపోయాక పెద్ద ఆసామి చేనికి తానే కూలికి పోయేది. అక్కడ శేరు గోపురంగా కొలవాలని పోట్లాడేది. ఒకే వారంలో, అదే శేరు. దీన్ని కపటం అనడం తేలిక. సన్నకారు రైతు వర్గస్వభావాన్ని గురించి నేను చదివిన పుస్తకాలన్నిటికంటె ఆ అరచేయి నాకు ఎక్కువ చెప్పింది. అయినా నేను వ్రాసిన కథలో రైతు భార్య ఉదారశీలి, మాలపేట స్త్రీలు ఆమె పక్షాన నిలబడిన ప్రజలు. శేరు అందులో లేదు.

దేశంలో ఇటువంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో 2015–16 వ్యవసాయ గణన చెబుతుంది. ప్రతి నూరు కమతాల్లో 86 రెండు హెక్టార్లకు లోపువి. సగటు కమతం 1.08 హెక్టార్లు. స్త్రీల పేర ఉన్న కమతాలు సుమారు 14 శాతం. విత్తనం ఒలిచే చేతులను ఈ చివరి అంకె పక్కన పెట్టి చూడవలసిందని కోరుతున్నాను.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇంటి పనులూ, వంటలూ, కార్తెలూ ఏకరువు పెట్టడమే సాహిత్యమా, ఇది ఉత్త సహజవాదం కాదా అని. వివరాలు పోగుచేసినంత మాత్రాన వాస్తవికత రాదు, నిజమే. ఈనాడు పట్నాల్లో స్థిరపడినవారు వ్రాసే 'మా ఊరి ముచ్చట్లు' చూడండి. వాటిలో వివరాలకు కొదవ లేదు. అమ్మ చేతి గోంగూర, సజ్జరొట్టె, వెన్నపూస, సంక్రాంతి ముగ్గులు, అన్నీ ఉంటాయి. రుచి చెప్పినవాడు ధర చెప్పడు. వెన్నపూస తిన్న బిడ్డ ఎవరు, తినని బిడ్డ ఎవరు అన్నది ఉండదు. అటువంటి రచనల్లో గోంగూర చేనులో దానంతటదే మొలిచి దానంతటదే పచ్చడి అవుతుంది. నేను అడిగేది అది కాదు.

నేల మీద మమకారాన్ని కీర్తించినంత మాత్రాన కూడా పని జరగదు. వాసిరెడ్డి సీతాదేవి 'మట్టి మనిషి' మన పెద్ద నవలల్లో ఒకటి, సాంబయ్య మరపురాని పాత్ర. ఆ చేతుల మొరటుదనం, ఆ పిసినారితనం, నేల చూస్తే అతని కళ్లలో వచ్చే వెలుగు, ఇవి నిజాలు. కాని సాంబయ్య ఆస్తి కరిగిపోవడానికి కోడలు వరూధిని పట్నపు మోజు ఎంత కారణంగా కనబడుతుందో, వ్యాపారమూ కంట్రాక్టులూ గ్రామపు డబ్బును లాక్కునే తీరు అంత కారణంగా కనబడదని నా ఫిర్యాదు. రచయిత్రికి ఆ శక్తులు తెలియక కాదు, నవలలో వాటి జాడలున్నాయి. పాఠకుడి కోపం మాత్రం ఒక స్త్రీ మీదికే మళ్లుతుంది. ఆ ఇంట్లో రోజువారీ పని ఎవరు, ఎప్పుడు, ఎంత చేశారో అదే శ్రద్ధతో చూపి ఉంటే ఆ కోపం అంత తేలికగా మళ్లేది కాదు.

మళ్లీ మా అమ్మ ప్రశ్నకు వస్తాను. ఎండాకాలంలో ఒక ఎనుము రోజుకు ఐదారు బిందెల నీళ్లు తాగుతుంది. మూడు రోజులకు పదిహేనుకు పైనే. రెండు పూటలు పిండకపోతే పొదుగు వాస్తుంది, ఇంకా ఆలస్యమైతే పాలు ఎగిరిపోతాయి. నా కథలో విజయం సాధించి ఇల్లు చేరిన కుటుంబానికి దొడ్లో ఎండిన ఎనుము కనబడాలి. షావుకారు దగ్గర దక్కిన వామి, ఎనుము దగ్గర పోయిన పాలు, రెండూ లెక్కవేస్తే నా కథాంతం ఏమవుతుందో నాకు తెలియదు. ఫ్యాక్టరీ కార్మికుడు సమ్మె చేస్తే యంత్రం ఆగుతుంది, ఆకలితో అరవదు. గొడ్లున్నవాడు సమ్మె చేయడం వేరు. రైతు ఎందుకు కదలడని మనం ఎన్నో తీర్మానాలు వ్రాశాము. అతడు కదిలితే వెనక ఎవరుంటారన్నది మన తీర్మానాల్లో కనబడదు.

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినవాళ్లను నేను ఆలస్యంగా చూశాను. 2020 నవంబరు 26 నుండి ఢిల్లీ సరిహద్దుల్లో, సింఘూ, టిక్రీ, ఘాజీపూర్‌లలో, పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్ రైతులు కూర్చున్నారు. 2021 డిసెంబరులో లేచారు. ఏడాదికి పైగా. ఆ ఏడాదిలో రెండు పంటలు విత్తారు, కోశారు. ఎలా సాధ్యమైంది? పంజాబు గ్రామాలు వంతులు వేసుకున్నాయి. కొన్నాళ్లు ఉన్నవారు తిరిగి వస్తే మరి కొందరు పోయారు. పోయినవారి చేను ఉన్నవారు చూశారు. ఎన్నో ఇళ్లలో సేద్యమూ గొడ్లూ ఆడవాళ్ల మీద పడ్డాయి. మరెందరో ఆడవాళ్లు తామే వచ్చి సరిహద్దులో కూర్చున్నారు. పత్రికలు ట్రాక్టర్ల వరుసలను అచ్చువేశాయి. నేను మాత్రం ఆ చిత్రాల్లో లేని దొడ్లను గురించి ఆలోచిస్తూ ఉండేవాణ్ణి. అప్పటికి మా అమ్మ లేదు. ఉంటే ఈ వంతుల సంగతి ఆమెకు చెప్పి ఉండేవాణ్ణి.

నా పాత కథను తిరగవ్రాయాలని ఆ రోజుల్లోనే కూర్చున్నాను. ఇంట్లో ఒకరిని ఉంచాలి. ముసలి తల్లిని ఉంచితే ఆమె బావిలో నీళ్లు తోడలేదు. కొడుకును ఉంచుదామంటే వాడికి ఎనుము పాలు చేపదు, చెయ్యి మారితే తంతుంది. భార్యను ఉంచితే ఆఖరి ఘట్టంలో ఆమె ఉండదు. ఆమె లేకపోతే ఆ ఘట్టంలో మాట్లాడేది మగవాళ్లే. మిగిలింది ఒకటే దారి. మాలపేట నుండి కాయలు వలవడానికి వచ్చే మనిషిని, మూడు దినాలు గొడ్లకు కసువూ నీళ్లూ చూడమ్మా అని రైతు భార్య పోయి అడగాలి. నిరుడు ఆమెకు శేరు ఎలా కొలిచి ఇచ్చిందో ఇద్దరికీ గుర్తే. రైతు భార్య మాలపేట దాకా నడిచింది, ఆ ఇంటి ముందు నిలబడింది. ఏమని అడుగుతుందో, అవతలి మనిషి ఏమంటుందో వ్రాయలేక కథ అక్కడ ఆపాను.